వంటగది మార్పించాలి, మూడు కొటేషన్లకీ పొంతన లేదు. ఎక్కడ తగ్గించుకోవాలి?

కొత్తగట్టు
మా వంటగది పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఇల్లు కట్టి ఇరవై ఎనిమిదేళ్ళయింది. సింకు కింద చెక్క ఉబ్బిపోయింది, అరల తలుపులు రెండు వేలాడుతున్నాయి, గట్టు రాయి ఒకచోట బీటలు వారింది. ఈసారి అంతా తీయించి కొత్తగా చేయించుకుందామని ఏడాదిన్నరగా డబ్బు కూడబెట్టాం.

రేట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మా దగ్గరున్న డబ్బుని 100 అనుకుని చెబుతాను. ముగ్గురిని పిలిచాం. ఒకరు 82 అన్నారు, ఇంకొకరు 127, మూడో ఆయన 158. అదే గది, అవే కొలతలు. 82 అన్నాయన చిన్న కాగితం మీద ఆ ఒక్క అంకె రాసిచ్చారు. 158 అన్నాయన రంగుల బొమ్మలు చూపించారు, చాలా బాగున్నాయి. రెండు రాత్రులుగా నాకు ఒకటే టెన్షన్. ఎవరిని నమ్మాలి? అప్పు చేసి 127కి వెళ్ళాలా? ఏదైనా తగ్గించుకోవాలంటే ఎక్కడ తగ్గించాలి?

పాతఇంటిపిల్ల
ఒక్క అంకె ఉన్న కాగితాన్ని కొటేషన్ అనుకోకండి. పగలగొట్టడం అందులో ఉందా, చెత్త తీసుకెళ్ళడం ఉందా, పైపులు ఉన్నాయా, అడగండి. మా ఇంట్లో తక్కువ చెప్పినాయనకే పని ఇచ్చాం. సగం అయ్యాక "అది నా లెక్కలో లేదండీ" అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఏడుసార్లు విన్నాం. చివరికి అందరికంటే ఎక్కువ చెప్పినాయన రేటు కూడా దాటిపోయింది.

శ్రావణమేఘం
ఏడుసార్లా! మేము నాలుగుసార్లు విన్నాం, అదే ఎక్కువనుకున్నాను.

లెక్కలమాస్టారు
మొత్తాలను పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఆ ముగ్గురూ మూడు వేరే పనులకి రేటు చెప్పారు. ఒక పెద్ద కాగితం తీసుకుని ఎడమవైపు పనులన్నీ మీరే రాయండి. పాతది పగలగొట్టడం, చెత్త తరలింపు, గోడ, నేల సమం చేయడం, నీళ్ళ పైపులు, మురుగు పైపు, వైరింగ్, టైల్స్ సరుకు, టైల్స్ కూలి, కింది అరలు, పై అరలు, గట్టు రాయి, దాని అంచు పని, సింకుకి రాయి కోయడం, సింకు, కుళాయి, చిమ్నీ, దాని గొట్టం, లైట్లు, రంగులు, రవాణా, పన్నులు. కుడివైపు మూడు గళ్ళు గీయండి. ముగ్గురినీ అదే కాగితం నింపమనండి. ఎవరు ఏ గడి ఖాళీగా వదిలారో చూడండి, తర్వాత డబ్బు అడిగేది అక్కడే.

ఇంకో మాట. మీ దగ్గర 100 ఉంటే 100 కీ పని మొదలుపెట్టకూడదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఇంటికి 15 నుంచి 20 దాకా తీసి పక్కన పెట్టాలి. కొత్త ఇల్లయితే 10 సరిపోవచ్చు. గోడ తెరిస్తేగాని లోపలేముందో తెలియదు. అంటే మీ అసలు బడ్జెట్ 80 నుంచి 85 అనుకోండి.

కొత్తగట్టు
100 సరిపోదనే అడిగాను మాస్టారూ, మీరు 85కి దించారు. కాగితం మాత్రం ఈ రాత్రే రాస్తాను.

కుళాయిలబుజ్జి
నేను ప్లంబింగ్ పని చేస్తాను. ఒక్కటి అడుగుతా. బొమ్మల్లో సింకు ఇప్పుడున్న చోటే ఉందా, జరిపారా? జరిగితే మురుగు పైపు కూడా దాంతో జరగాలి. ఆ పైపుకి వాలు కావాలి, అడుగుకి పావంగుళం చొప్పున. ఎనిమిదడుగులు జరిపితే రెండంగుళాలు దిగాలి. నేల తవ్వకుండా ఆ దిగుడు రాదు. వాలు తగ్గించి సరిపెట్టేవాళ్ళున్నారు, అప్పుడు జిడ్డంతా పైపులో పేరుకుని సింకు మాటిమాటికీ నిండిపోతుంది. తర్వాత నన్నే పిలుస్తారు, నేను మళ్ళీ అదే నేల తవ్వాలి.

కొత్తగట్టు
ఇప్పుడే తీసి చూశాను. 158 ఆయన బొమ్మలో సింకు కిటికీ కిందికి వచ్చింది! నేను లైట్లూ రంగులూ చూస్తూ అది గమనించనే లేదు.

పాతఇంటిపిల్ల
బొమ్మ ఇచ్చినప్పుడు మొదట చూడాల్సింది అదే. సింకు, పొయ్యి, ఫ్రిజ్ ఎక్కడున్నవి అక్కడే ఉంటే చాలా డబ్బు మిగులుతుంది.

కిటికీపక్క
నేను ఒప్పుకోను. మేము సింకు జరిపించాం. ముందు చీకటి మూలలో ఉండేది, గోడ చూస్తూ రోజుకి గంటన్నర గిన్నెలు కడిగేదాన్ని. ఇప్పుడు ఎదురుగా చెట్టు కనిపిస్తుంది. గట్టు రాయి మాత్రం చవకది వేసుకున్నాం. రాయి గురించి నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు. డబ్బు ఎక్కడ మిగిలిందో చూసుకోవడంతో పాటు, మనం ఎక్కువసేపు ఎక్కడ నిలబడతామో కూడా చూసుకోవాలి.

కుళాయిలబుజ్జి
మీ కింద వేరే వాళ్ళ ఇల్లు లేదు కదండీ?

కిటికీపక్క
లేదు, మాది నేల మీదే.

కుళాయిలబుజ్జి
అయితే సరే. కింద ఇంకొకరి ఇల్లుంటే వాళ్ళ పైకప్పుతో పని పడుతుంది, ఖర్చుతో పాటు గొడవలూ వస్తాయి. కొత్తగట్టు గారూ, మీది ఏ అంతస్తు?

కొత్తగట్టు
రెండోది. ఇక జరిపే మాట ఎత్తను.

చెక్కపని30
ముప్పై ఏళ్ళుగా అరలు చేస్తున్నాను కాబట్టి చెక్క సంగతి చెబుతాను. మామూలుగా మొత్తం ఖర్చులో అన్నిటికంటే పెద్ద వాటా అరలదే, మూడో వంతు దాకా పోతుంది. అందుకే అందరూ ముందు అక్కడే కోత పెడతారు. కోత పెట్టండి గానీ, ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టండి.

అరకి రెండు భాగాలు. పెట్టె ఒకటి, తలుపు ఒకటి. కంటికి కనిపించేది తలుపు, బరువు మోసేది పెట్టె. పార్టికల్ బోర్డుతో, అంటే చెక్క పొట్టుని జిగురుతో నొక్కిన బోర్డుతో చేసిన పెట్టె సింకు కింద పెడితే, ఒకసారి నీళ్ళు తగిలి ఉబ్బిందంటే మళ్ళీ మామూలు కాదు. మీ పాతదానికి జరిగింది అదే అయి ఉంటుంది. సింకు కింద, దాని పక్క అర, ఈ రెండింటికీ నీళ్ళకి తట్టుకునే ప్లైవుడ్ వాడండి. మిగతా పొడి చోట్ల కాస్త తక్కువ రకం వాడినా పరవాలేదు. తలుపులకి ఎండీఎఫ్ (సన్నటి చెక్క పీచుని నొక్కి చేసిన బోర్డు) బాగుంటుంది, నునుపుగా రంగు పడుతుంది, కాకపోతే అన్ని అంచులూ మూసి ఉండాలి. కోసిన అంచు తెరిచి వదిలేస్తే ఆవిరి అక్కడి నుంచే లోపలికి వెళ్తుంది. పని అప్పగించేటప్పుడు అరల కింద చెయ్యి పెట్టి తడమండి. కంటికి కనిపించని అంచుని వదిలేసే అలవాటు మా వృత్తిలో చాలామందికి ఉంది.

తలుపుల కీళ్ళు, డ్రాయర్లు జారే చానల్స్ దగ్గర పీనాసితనం వద్దు. రోజూ కదిలేవి అవే. తలుపు పదేళ్ళ తర్వాత కూడా మార్చుకోవచ్చు, పెట్టె మార్చాలంటే పైనున్న రాయి ఎత్తాలి.

రెండుపొయ్యిలు
ఈ పోస్టు ముందే చదివి ఉంటే మా డబ్బు మిగిలేది. మేము సరిగ్గా తలకిందులుగా చేశాం, తలుపులు ఖరీదైనవి, లోపల పార్టికల్ బోర్డు. మూడేళ్ళకే సింకు కింద పోయింది.

శ్రావణమేఘం
బోర్డుల్లోని జిగురు వాసన సంగతి కూడా చూసుకోండి. కొత్త అరల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు వస్తుంది. బోర్డు మీద ఈ1 లేదా ఈ0 అని ముద్ర ఉందేమో అడగండి. అది తక్కువగా వచ్చే రకం. మా పాపకి ఆయాసం ఉంది, అందుకే మేము ముద్ర చూపించే దాకా ఒప్పుకోలేదు. బిగించాక పది రోజులు కిటికీలు, తలుపులు తెరిచి ఉంచాం. మా పిల్లి మాత్రం మొదటి రోజే కింది డ్రాయర్‌లో కాపురం పెట్టేసింది.

గీతలబడి
158 ఆయన బొమ్మలో గది మధ్యలో విడిగా ఒక గట్టు పెట్టలేదు కదా?

కొత్తగట్టు
పెట్టారు. చిన్నదే, చుట్టూ కుర్చీలు కూడా ఉన్నాయి. ఎలా చెప్పారు?

గీతలబడి
బొమ్మ బాగుండాలని చాలామంది పెడతారు. లెక్క వేసి చూడండి. మీ వెడల్పు 96 అంగుళాలు. ఒక పక్క గట్టు 25 పోతే 71. మధ్య గట్టు 24 పోతే 47. అది దానికి రెండు పక్కలా పంచుకుంటే చెరో 23.5 అంగుళాలు. అందులో ఓవెన్ తలుపు తెరిస్తే మనిషి నిలబడలేరు. ఒకరు వంట చేసే చోట నడవ 42 అంగుళాలైనా ఉండాలి, ఇద్దరు చేస్తే 48. బొమ్మలో కుర్చీలు చిన్నవిగా గీస్తే గది పెద్దదిగా కనిపిస్తుంది, అంతే. మధ్య గట్టు తీసేసి రెండు గోడలకీ ఎదురెదురుగా పెట్టుకుంటే మధ్యలో 46 మిగులుతుంది. మీ గదికి అది చక్కగా సరిపోతుంది.

గది చిన్నదని బాధపడకండి. 1926లో మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా కడుతున్న ఇళ్ళకోసం ఒక వంటగది గీసింది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. మీ గదికంటే చిన్నది. వంట మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో, చెయ్యి ఎక్కడికి అందుతుందో చూసి గీసిన గది అది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఈరోజు మనం చూసే గోడకి అంటిన అరల వరస అక్కడి నుంచే వచ్చింది.

రెండుపొయ్యిలు
ఆ సింకు, పొయ్యి, ఫ్రిజ్ త్రిభుజం సంగతి కూడా చెప్పండి, మా తమ్ముడు అదేదో పెద్ద మంత్రంలా చెబుతుంటాడు.

గీతలబడి
1940ల్లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో దాని మీద పని జరిగింది. ఆ మూడింటి మధ్య ఒక్కో దూరం 4 నుంచి 9 అడుగులు ఉండాలి, మూడూ కలిపితే 26 దాటకూడదు అంటారు. ఒక్కరే వంట చేసే ఇంటికి పనికొస్తుంది.

రెండుపొయ్యిలు
మా ఇంట్లో నేనూ మా అత్తగారూ ఒకేసారి చేస్తాం. త్రిభుజం సరిగ్గా కుదిరింది, కానీ ఆవిడ పొయ్యి దగ్గరుంటే నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళలేను. కాబట్టి గీత గీసే ముందు వంట చేసేది ఎంతమందో లెక్కపెట్టుకోండి. గట్టు ఎత్తు కూడా అంతే. మోచెయ్యి మడిచి నిలబడితే దానికంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి గట్టు ఉండాలి. అత్తగారు పొట్టి, నేను పొడుగు. అందుకని కూరగాయలు తరిగే వైపు ఒక ఎత్తు, సింకు వైపు ఇంకో ఎత్తు పెట్టించాం. ఇద్దరికీ నడుం నొప్పి తగ్గింది.

కొత్తగట్టు
అది మమ్మల్ని ఎవరూ అడగలేదే! ముగ్గురూ కొలతలన్నీ గోడలవే తీసుకున్నారు.

అట్టపెట్టె
గట్టు రాయి ఏది వేస్తున్నారు? మేము క్వార్ట్జ్ వేయించాం, మరక పడదు, ఏళ్ళు గడిచినా మెరుపు పోదు.

చెక్కపని30
వేడి గిన్నె దించనంతవరకూ బాగుంటుంది. క్వార్ట్జ్ పలక అంటే రాతి పొడిని రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురుతో కలిపి నొక్కి చేసింది. రెజిన్ వేడికి పాడైపోతుంది, మచ్చ పడితే పోదు. గ్రానైట్ వేడికి తట్టుకుంటుంది కానీ అప్పుడప్పుడూ సీలర్ పూయాలి, లేకపోతే నూనె పీల్చుకుంటుంది. ఇంట్లో వాళ్ళు గిన్నె నేరుగా గట్టు మీద దించే అలవాటున్నవాళ్ళయితే గ్రానైట్, అడుగున ఏదో ఒకటి పెట్టే అలవాటుంటే క్వార్ట్జ్.

అట్టపెట్టె
మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది, ఇప్పటిదాకా ఒక్క మచ్చ లేదు.

శ్రావణమేఘం
ఏది వేసినా సరే, రాయిని ఇంట్లో పొడిగా కోయనివ్వకండి. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. క్వార్ట్జ్ పలకల్లో సిలికా మరీ ఎక్కువ. పనివాళ్ళ ప్రాణాలు పోతున్నాయని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి అలాంటి పలకల్ని నిషేధించింది. కోత బయటే, నీళ్ళు పోస్తూ, ముఖానికి సరైన మాస్కుతో జరగాలి అని ముందే మాట్లాడుకోండి. రేటు కొంచెం పెరిగినా ఇవ్వండి. కోసేవాడూ ఒక ఇంటికి పెద్ద కొడుకే.

చెక్కపని30
ఈ మాట అన్నందుకు మీకు దణ్ణం. మా తోటివాళ్ళని ఇద్దరిని చూశాను.

వేదికనిర్వాహకురాలు
ఒక పోస్టులో కంపెనీ పేరు పెట్టి తిట్టారు, తీసేశాను. జరిగింది రాయండి, పేర్లు వద్దు.

తీగలపని
వైరింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్ళ కింద ఆ గదిలో ఒక లైటు, ఒక ఫ్యాను, ఒక మిక్సీ ఉండి ఉంటాయి. ఇప్పుడు కెటిల్ 2000 వాట్లు, ఓవెన్ 2000 పైనే, డిష్‌వాషర్ కూడా ఇంచుమించు అంతే. మూడూ ఒక్కసారి నడిస్తే 6000 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది 26 ఆంపియర్లు. పాత సన్న తీగ మీద అది పడితే గోడలోపల వేడెక్కుతుంది, బయటికి తెలియదు. పెద్ద పరికరం ఒక్కోదానికీ విడిగా లైను లాగించండి. మీటర్ బోర్డు నుంచి కొత్త తీగ రావాలి, వంటగదిలో ప్లగ్గులు మాత్రం పెంచితే లాభం లేదు. నీళ్ళున్న గది కాబట్టి 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైతే పడిపోయే రక్షణ స్విచ్ తప్పనిసరి.

ఇప్పుడు డిష్‌వాషర్ కొనలేకపోయినా దాని ప్లగ్గు, నీళ్ళ పాయింటు, మురుగు పాయింటు సింకు పక్కనే పెట్టించి మూత వేయించండి. గోడ తెరిచి ఉన్నప్పుడు అది పెద్ద ఖర్చు కాదు. టైల్స్ అంటించాక పెట్టాలంటే మళ్ళీ పగలగొట్టాలి.

లైటు విషయం. పైకప్పు మధ్యలో ఉన్న లైటు మీ వీపు వెనక ఉంటుంది, మీ నీడ మీ కత్తి మీదే పడుతుంది. పై అరల కింద ముందు అంచు దగ్గర సన్నటి లైటు పట్టీ వేయించండి.

కిటికీపక్క
ఆ లైటు పట్టీ మా వంటగదిలో అన్నిటికంటే చవకైన వస్తువు, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేదీ అదే.

అట్టపెట్టె
ఇన్ని ఖర్చులు ఒకేసారి ఎందుకు? ఈ ఏడాది అరలు, వచ్చే ఏడాది గట్టు, ఆ తర్వాత టైల్స్ అని విడతలుగా చేసుకోవచ్చు కదా.

కుళాయిలబుజ్జి
విడతలు మంచివే కానీ మీరు చెప్పిన వరస తప్పు. అరలు పెట్టాక వాటి వెనక పైపు పగిలితే అరలు తీయాలి. మొదట గోడలోపలివి, తర్వాత గోడ మీదివి. పైపులు, వైరింగ్, గోడ పని అన్నీ ఒకేసారి అయిపోవాలి. చిమ్నీ, పై అరలు, డిష్‌వాషర్ తర్వాతైనా వస్తాయి.

లెక్కలమాస్టారు
బుజ్జి గారి మాటే నాది కూడా. కనిపించనిది ముందు, కనిపించేది తర్వాత. ఇంట్లో ఒప్పించడం కష్టం, ఎందుకంటే పైపులు చుట్టాలకి చూపించలేం.

అట్టపెట్టె
సరే, ఒప్పుకున్నాను. వరస మార్చి చదువుకోండి నా పోస్టు.

కొత్తగట్టు
పది రోజుల తర్వాత వస్తున్నాను. మాస్టారి కాగితం ముగ్గురికీ ఇచ్చాం. 82 అన్నాయన కాగితంలో ఎనిమిది గళ్ళు ఖాళీ. అవన్నీ నింపమంటే 119 అయింది. 127 అన్నాయన ముందే చాలావరకు రాశారు, రవాణా, సింకు కోత కలిపి 131. 158 ఆయన సింకు జరపకుండా, మధ్య గట్టు లేకుండా 136 అన్నారు. అంటే 82కీ 158కీ మధ్య ఉన్న తేడా ఇప్పుడు 17 దగ్గర ఆగింది. నాకు కాస్త ఊపిరి ఆడింది.

131 ఆయనతోనే వెళ్దామనుకుంటున్నాం. ముగ్గురిలో ఆయన ఒక్కరే సింకు కింద దూరి టార్చ్ వేసి చూశారు. కానీ 131 నుంచి 85కి దిగాలి.

లెక్కలమాస్టారు
గళ్ళు ఇక్కడ పెట్టండి, అందరం చూద్దాం.

కొత్తగట్టు
పెద్దవి ఇవీ. బయటికి లాగే నిలువు అర 11. రెండో గోడకి పై అరలు 9. రాయి వేరే రకం తీసుకుంటే 8 తగ్గుతుంది. డిష్‌వాషర్ 10. కొత్త చిమ్నీ 5. రంగులు 3.

చెక్కపని30
నిలువు అర మొదట తీసేయండి. బరువంతా ఒక్క చానల్ మీద ఉంటుంది, ఖరీదు ఎక్కువ. దాని బదులు పొయ్యి పక్కన పూర్తిగా బయటికొచ్చే డ్రాయర్లు మూడు పెట్టించుకోండి. అర లోపల వంగి వెతకాల్సిన పని ఉండదు. పై అరలు ఒక గోడకి చాలు. రెండో గోడకి తర్వాత పెట్టించుకోవచ్చు, గోడలో మేకు దిగే చోటు మాత్రం గట్టిగా ఉండేలా ఇప్పుడే చూసుకోండి.

రెండుపొయ్యిలు
రెండో గోడకి తెరిచి ఉన్న బల్లలు రెండు కొట్టించుకోండి, బాగుంటాయి.

పాతఇంటిపిల్ల
పొయ్యి దగ్గర మాత్రం వద్దు. నూనె ఆవిరీ దుమ్మూ కలిసి జిగురులా పడతాయి. మా ఇంట్లో ప్రతి ఆదివారం ఆ బల్లలు కడగడంతోనే సరిపోయేది.

తీగలపని
పాత చిమ్నీ పని చేస్తుంటే ఉంచేయండి. గొట్టం మాత్రం కొత్తది వేయించండి, వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా. ప్రతి వంపు దగ్గరా లాగే బలం తగ్గిపోతుంది. గ్యాస్ పొయ్యి పైన 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, దాంతో వచ్చిన పుస్తకంలో ఏ ఎత్తు రాసుంటే అది పెట్టండి.

కొత్తగట్టు
11, 9, 8, 10, 5, రంగులు మేమే వేసుకుంటే 3. కలిపితే 46. 131లో 46 పోతే 85! మాస్టారూ, 15 పక్కనే ఉంది!

లెక్కలమాస్టారు
ఆ 15ని వేరే ఖాతాలో పెట్టండి. మధ్యలో ఎవరో ఒకరు మంచి కుళాయి చూపిస్తారు, చెయ్యి అటే వెళ్తుంది. దాన్ని ముట్టుకోకండి.

డబ్బు ఇచ్చే పద్ధతి కూడా ఇప్పుడే రాసుకోండి. అడ్వాన్స్ కొంత, పైపులు, వైరింగ్ అయ్యాక కొంత, అరలు బిగించాక కొంత, రాయి పడ్డాక కొంత. ఆఖరి 10 శాతం మాత్రం అన్ని తలుపులూ సరిగ్గా మూసుకుని, సింకు కింద వారం రోజులు చుక్క నీరు కారకుండా ఉన్నాకే ఇవ్వండి. మధ్యలో ఏ మార్పు అడిగినా రేటు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. నోటిమాట మీద చేసిన చిన్న మార్పులే చివర్లో కొండంత అవుతాయి.

పాతఇంటిపిల్ల
పని మొదలయ్యే ముందే వస్తువులన్నీ ఇంటికి వచ్చేయాలి. సింకు, కుళాయి, పొయ్యి, కీళ్ళు, టైల్స్. టైల్స్ లెక్క కంటే 10 శాతం ఎక్కువ తీసుకోండి, ఐమూలగా పరిస్తే 15. పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో చూసుకోండి, నంబరు మారితే రంగులో తేడా కనిపిస్తుంది. మిగిలినవి పారేయకుండా అటక మీద పెట్టుకోండి.

చెక్కపని30
కింది అరలు బిగించాకే రాయికి కొలత తీస్తారు. అంతకు ముందు తీసిన కొలత నమ్మకండి, పాత గోడ ఏదీ నిటారుగా ఉండదు. కొలత తీశాక రాయి కోసి తెచ్చేదాకా గట్టూ సింకూ ఉండవు. అన్ని రోజులు ఎక్కడ వండుకుంటారో ముందే ఆలోచించుకోండి.

శ్రావణమేఘం
మేము హాల్లో ఒక మూల బల్ల వేసి ఇండక్షన్ పొయ్యి పెట్టుకున్నాం. గిన్నెలు బాత్రూంలో టబ్బులో కడిగాం. వంటగది గుమ్మానికి పైనుంచి కిందదాకా ప్లాస్టిక్ షీటు అంటించండి, లేకపోతే దుమ్ము పరుపుల దాకా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పగలగొట్టే రెండు రోజులు ఎక్కడికైనా పంపండి.

కొత్తగట్టు
మా అమ్మని అన్నయ్య దగ్గరికి పంపుతున్నాం. వచ్చే సోమవారం మొదలు.

కొత్తగట్టు
ఆరో రోజు. పాత టైల్స్ ఊడదీశారు. సింకు వెనక గోడ మోకాలి ఎత్తు దాకా తడిగా ఉంది. లోపల పాత ఇనప పైపు తుప్పు పట్టి సన్నగా కారుతోంది. ఎన్నేళ్ళనుంచి కారుతోందో. చెక్క ఉబ్బడానికి కారణం సింకు అనుకుని ఇన్నాళ్ళూ సింకు చుట్టూ సీలెంట్ పూస్తూ కూర్చున్నాం. కాంట్రాక్టర్ గారు పిలిచి చూపించారు, పైపు చెయ్యి పెడితే పెళ్ళలుగా రాలింది. మెయిన్ వరకూ మార్చాలి, ప్లాస్టర్ మళ్ళీ చేయాలి, 9 అవుతుందన్నారు. కాగితం మీద రాసి సంతకం పెట్టుకున్నాం. ఆ 15 లోంచి ఇచ్చాను. చేతులు వణకలేదు.

కుళాయిలబుజ్జి
తడి గోడ బాగా ఆరనివ్వండి. తొందరపడి టైల్స్ అంటించనివ్వకండి, నాలుగు రోజులు ఆలస్యమైనా సరే. కొత్త పైపులు మూసే ముందు నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి ఒక రాత్రంతా ఉంచి చూడమనండి.

రెండుపొయ్యిలు
ఆ 15 లేకుండా మొదలుపెట్టి ఉంటే ఈపాటికి పని ఆగిపోయేది.

కొత్తగట్టు
ఆగిపోయేదే. ఇంకా 6 ఉంది. మా ఆయన నిన్న ఒక పెద్ద కుళాయి ఫోటో చూపించారు, మాస్టారి పోస్టు తీసి ఆయన ముందు పెట్టాను.

తీగలపని
గోడ మూసే ముందు ఫోటోలు తీసుకోండి. పైపు ఎక్కడుందో, తీగ ఎక్కడుందో, పక్కన టేపు పరిచి, నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అని కనిపించేలా. రేపు చిమ్నీకో బల్లకో రంధ్రం వేయాల్సి వస్తే ఆ ఫోటోలే దిక్కు.

కొత్తగట్టు
నాలుగు గోడలవీ తీశాను. పైపుకి ఒత్తిడి పెట్టి రాత్రంతా ఉంచారు, ఒత్తిడి మీటరు ముల్లు కదల్లేదు. గురువారం దాకా ఆరనిస్తారట. రెండో గోడకి తర్వాత అరలు పెట్టుకునే చోట పెన్సిల్‌తో గీత గీసి ఫోటో తీయాలని ఇప్పుడే గుర్తొచ్చింది, వెళ్ళి తీసొస్తాను.